పేరు అడిగితే బదులు ఎవరు చెబుతున్నారు? ఇంటి కంప్యూటరుపై నిఘా అనుమానాలు, ప్రత్యామ్నాయ పేర్ల చిక్కులు: సమస్య - పరిష్కారం

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడింటిలోనూ ఇంటి నెట్ అంటే ఎక్కువగా కేబుల్ ఆపరేటరు లాగి ఇచ్చిన ఫైబరు తీగ, దాని కొసన గోడకు బిగించిన రౌటరు, ఆ రౌటరుకు బిగించిన రోజున పెట్టి ఆ తరువాత ఎవరూ మార్చని పాస్‌వర్డు. తమ కంప్యూటరును ఎవరో కనిపెడుతున్నారన్న అనుమానం కలిగినవారు సాధారణంగా యాంటీవైరసు ఒకటి నడిపించి, అది ఏమీ లేదని చెప్పగానే ఊరుకుంటారు. అయితే యాంటీవైరసు చూసేది కంప్యూటరు లోపలి ఫైళ్లను, గోడ మీది పెట్టెను కాదు. అందుకే ఇక్కడ ప్రతి చిక్కునూ ఒకే ప్రశ్నతో పట్టుకుంటున్నాను: ఈ కంప్యూటరు వెబ్‌సైటు పేర్లను ఎవరిని అడుగుతోంది, బదులు ఎవరు చెబుతున్నారు?

1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్ మనం కొట్టిన పేరుకు అంకెల చిరునామాను వెతికి ఇస్తుంది. ఆ ప్రశ్న మామూలుగా 53వ పోర్టు (కంప్యూటరులో ఒక్కో పనికి కేటాయించిన ద్వారం సంఖ్య) మీద ఏ మరుగూ లేకుండా వెళుతుంది గనుక దారిలో ఉన్నవారెవరైనా దానిని చదవగలరు, బదులిచ్చేవారు తలచుకుంటే తప్పుడు చిరునామా కూడా చెప్పగలరు. పేజీ లోపలి సంగతులను హెచ్‌టీటీపీఎస్ దాచినా, ఏ సైటుకు ఏ వేళలో వెళ్లామన్నది ఈ ప్రశ్నలను బట్టే తెలిసిపోతుంది. కింద చెప్పిన ఆదేశాలు విండోస్‌కు చెందినవి. వాటిని కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేయాలి.

సమస్య: ఇంట్లోని అన్ని పరికరాల్లోనూ అక్కరలేని ప్రకటనలు, తప్పుడు పేజీలు వస్తున్నాయి

చిక్కు కంప్యూటరుదా, ఇంటి కనెక్షనుదా అన్నది ముందు తేల్చుకోవాలి. అదే కంప్యూటరును వైఫై నుండి తప్పించి ఫోను హాట్‌స్పాట్‌కు కలిపినప్పుడు అంతా సవ్యంగా ఉంటే, దోషం రౌటరులోనో, దానికి అవతలి దారిలోనో ఉన్నట్లు. అప్పటికీ పోకపోతే దోషం కంప్యూటరులోనే ఉన్నది గనుక తరువాతి భాగం చూడవచ్చు.

కారణాల్లో మొదటిది, రౌటరులోని డీఎన్ఎస్ అంకెలను ఎవరో మార్చివేయడం. ఇది కొత్త విద్య కాదు. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ పట్టుకున్న డీఎన్ఎస్‌ఛేంజర్ ముఠా ప్రపంచవ్యాప్తంగా సుమారు 40 లక్షల కంప్యూటర్లను తమ సర్వర్లనే పేర్లు అడిగేలా మార్చి, ప్రకటనల డబ్బు దండుకుంది. ఆ సర్వర్లను ఒక్కసారిగా ఆపితే బాధితులందరికీ నెట్ పోతుందని, కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లను పెట్టి 2012 జూలై 9 వరకు నడిపించవలసి వచ్చింది. ఆ ముఠా వదిలిన మాల్‌వేరు, అంటే హానికరమైన ప్రోగ్రాము, కంప్యూటరుతో ఆగక, తయారీదారు పెట్టిన పాస్‌వర్డు అలాగే ఉన్న రౌటర్లలోకి కూడా చొరబడేది.

పరీక్ష ఇలా చేయాలి. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ (ipconfig /all) అన్న ఆదేశం ఇస్తే డీఎన్ఎస్ సర్వర్స్ అన్న వరుసలో కొన్ని అంకెలు కనిపిస్తాయి. అక్కడ రౌటరు చిరునామాయే, అంటే 192.168.1.1 వంటిదే, ఉంటే బ్రౌజరులో ఆ చిరునామా కొట్టి రౌటరు పేజీలోకి వెళ్లి అది ఎవరిని అడుగుతోందో చూడాలి. అక్కడ కనిపించిన అంకెలు ఆపరేటరు ఇచ్చినవేనా అని ఫోను చేసి అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

తరువాత రెండు చిన్న పరీక్షలు. ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, లోకంలో ఎక్కడా ఉండే అవకాశం లేని పొడవాటి పిచ్చి పేరు ఒకటి, చివర డాట్ కామ్ చేర్చి, ఆపై మరొక చుక్క కూడా పెట్టి అడగాలి. ఆ చివరి చుక్క లేకపోతే విండోస్ తనంతట తాను ఏదో తోక తగిలించే ప్రమాదం ఉంది. అటువంటి పేరు లేదన్న బదులు రావాలి. చిరునామా ఏదైనా వచ్చిందంటే, లేని పేరుకు కూడా ఎవరో తమ పేజీని చూపుతున్నారన్నమాట. 2003 సెప్టెంబరులో వెరిసైన్ సంస్థ రిజిస్టరు కాని డాట్ కామ్, డాట్ నెట్ పేర్లన్నింటికీ తన పేజీనే చూపి, విమర్శలు వెల్లువెత్తాక కొద్ది వారాల్లో విరమించుకుంది గనుక, ఈ పని చేసేవారు దొంగలే అయి ఉండాలని కూడా లేదు.

రెండవ పరీక్ష నాకు ఎక్కువ నచ్చినది. 192.0.2.1 అన్న చిరునామా పుస్తకాల్లో ఉదాహరణలకని కేటాయించినది, అక్కడ ఏ సర్వరూ ఉండదు. ఎన్ఎస్‌లుకప్ తరువాత తెలిసిన సైటు పేరు ఒకటి, ఒక ఖాళీ, ఆపై ఈ చిరునామా కొడితే, సమయం మించిపోయిందన్న సందేశమే రావాలి. బదులు వచ్చిందంటే, మనం ఎవరిని అడిగినా దారిలో ఒకరు ఆ ప్రశ్నను అందుకుని తామే చెబుతున్నారని రుజువు. బదులు రానంత మాత్రాన దారి శుభ్రమని చెప్పలేము, ఎందుకంటే కొన్ని పెట్టెలు పేరున్న డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లే ప్రశ్నలనే మళ్లిస్తాయి. రౌటరులో పిల్లల కోసం పెట్టిన వడపోత సదుపాయం కూడా ఇదే పని చేస్తుంది గనుక, తగాదాకు దిగే ముందు దానిని ఆపి చూడాలి.

పరిష్కారం: రౌటరును రీసెట్ చేయాలి, అడ్మిన్ పాస్‌వర్డు మార్చాలి, బయటి నుండి రౌటరులోకి వచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపాలి, ఫర్మ్‌వేర్, అంటే రౌటరు లోపలి సాఫ్ట్‌వేరు, కొత్తది వేయాలి. రీసెట్ చేస్తే కొన్ని కనెక్షన్లలో లాగిన్ వివరాలు కూడా పోతాయి గనుక వాటిని ముందే కాగితం మీద రాసుకోవాలి. దారిలోనే మళ్లింపు ఉన్నట్లు తేలితే, ప్రశ్నలను మరుగుపరచి పంపే పద్ధతి తప్ప మార్గం లేదు: 2016లో ప్రమాణమైన డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ 853వ పోర్టు మీద, 2018లో వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ 443వ పోర్టు మీద నడుస్తాయి. రెండవది మామూలు వెబ్ రాకపోకల్లో కలిసిపోతుంది గనుక దానిని అడ్డుకోవడం కష్టం. విండోస్ 11లో నెట్‌వర్క్ సెట్టింగుల్లోనూ, ఆండ్రాయిడ్ 9 నుండి ప్రైవేట్ డీఎన్ఎస్ అన్న పేరుతోనూ ఈ సౌకర్యం ఉంది.

సమస్య: ఒక్క కంప్యూటరులోనే చిక్కు

హోస్ట్స్ ఫైలు (పేర్లకు చిరునామాలను కంప్యూటరులోనే రాసిపెట్టే ఫైలు), ప్రాక్సీ సెట్టింగు (నెట్ రాకపోకలను మధ్యలో మరొక సర్వరు గుండా పంపేది), బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లు, రూట్ సర్టిఫికెట్లు: ఈ నాలుగింటినీ ఈ వరుసలోనే చూడాలి. విండోస్ సిస్టమ్32 ఫోల్డరులో డ్రైవర్స్, దానిలో ఈటీసీ అన్న చోట ఉండే హోస్ట్స్ ఫైలులో, హ్యాష్ గుర్తు లేకుండా మొదలయ్యే వరుసల్లో బ్యాంకు పేరో, మెయిలు పేరో ఉంటే తీసివేయాలి. మనం పెట్టని ప్రాక్సీ కనిపిస్తే ఆపివేయాలి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది సర్టిఫికెట్, అంటే సైటు అసలైనదేనని బ్రౌజరుకు చెప్పే గుర్తింపు పత్రం. ఆ పత్రాలు ఇచ్చేవారిని నమ్మడానికి ఆధారం రూట్ సర్టిఫికెట్. నమ్మదగిన రూట్ల జాబితాలో ఎవరైనా తమ సర్టిఫికెట్ చేర్చగలిగితే, వారు ఏ సైటుకైనా నకిలీ గుర్తింపు తయారుచేసి, తాళం గుర్తు చెక్కుచెదరకుండానే లోపలి సంగతులు చదవగలరు. 2015లో బయటపడిన సూపర్‌ఫిష్ ప్రకటనల ప్రోగ్రాము కొన్ని లెనొవో ల్యాప్‌టాప్‌లలో సరిగ్గా ఈ పనే చేసింది. సెర్ట్‌మ్‌గర్ డాట్ ఎంఎస్‌సీ (certmgr.msc) తెరచి ఆ జాబితా చూడవచ్చు; అయితే తెలియని పేరల్లా తీసివేస్తే విండోస్‌కే ఇబ్బంది కలుగుతుంది గనుక, బ్యాంకు సైటులో తాళం గుర్తు నొక్కి, సర్టిఫికెట్ ఇచ్చినవారి పేరును ఫోను డేటా మీద అదే సైటు చూపే పేరుతో పోల్చడం మేలు. పేర్లు వేరైతే, కొన్ని యాంటీవైరసులు కూడా ఇదే విధంగా మధ్యలో నిలబడతాయన్న సంగతి గుర్తుంచుకుని, ఆ పేరు వాటిలో ఒకదానిదేమో చూడాలి. ఆఫీసువారు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆఫీసు సర్టిఫికెట్ ఉండడం మామూలే. దానిని తీసివేయకూడదు, ఆ ల్యాప్‌టాప్‌లో సొంత బ్యాంకు పనులు చేయకూడదు.

సమస్య: ప్రత్యామ్నాయ పేర్లు తెరుచుకోవడం లేదు

నిఘా భయంతో కొందరు మామూలు పేర్ల వ్యవస్థనే వదిలి వేరే వాటికి వెళుతున్నారు. 2000లో మొదలైన ఓపెన్‌నిక్ డాట్ గీక్, డాట్ లిబ్రే వంటి కొసలను తన సర్వర్ల ద్వారా ఇస్తుంది. 2011 నాటి నేమ్‌కాయిన్ డాట్ బిట్ పేర్లను బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలా కంప్యూటర్లు కలిసి ఉంచుకునే ఉమ్మడి చిట్టాలో, రాస్తుంది. 2017లో ఎథీరియం అన్న మరో బ్లాక్‌చెయిన్ మీద డాట్ ఈటీహెచ్ పేర్లు, 2020లో హ్యాండ్‌షేక్ వచ్చాయి. టోర్ అన్న గుప్త నెట్‌వర్కులోని డాట్ ఆనియన్ వీటికి భిన్నం. దానికి పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీయే లేదు, 56 అక్షరాల ఆ పేరు సైటు గూఢలిపి తాళంచెవి నుండే పుడుతుంది. మన డాట్ భారత్ తెలుగు లిపిలో ఉన్నా ప్రత్యామ్నాయం కాదు, అది మామూలు డీఎన్ఎస్‌లోనిదే గనుక ఏ సర్దుబాటూ అవసరం లేదు.

ఓపెన్‌నిక్ అంకెలు విండోస్‌లో పెట్టినా పేరు తెరుచుకోకపోవడానికి తరచు కారణం, బ్రౌజరు తన సొంత సురక్షిత డీఎన్ఎస్ ద్వారా మరొకరిని అడుగుతూ ఉండడం. బ్రౌజరులో దానిని ఆపాలి, లేదా అక్కడ కూడా అదే సర్వరును ఇవ్వాలి. వీపీఎన్ (రాకపోకలన్నింటినీ మరుగుపరచి వేరే సర్వరు గుండా పంపేది) నడుస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. డాట్ బిట్ పేర్లయితే, మాల్‌వేరు వాడకం పెరిగిందని 2019లో ఓపెన్‌నిక్ వాటిని వదిలివేసింది. ఇప్పుడు నేమ్‌కాయిన్ సాఫ్ట్‌వేరే కావాలి. డాట్ ఆనియన్ పేరును మామూలు బ్రౌజరులో కొట్టకూడదు. సైటు రాదు సరికదా, ఆ పేరు ఆపరేటరు చిట్టాలో చేరే అవకాశం ఉంది. దానికి టోర్ బ్రౌజరే వాడాలి.

తెరుచుకున్న తరువాత సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఓపెన్‌నిక్, హ్యాండ్‌షేక్ వంటి వాటి పేర్లకు బ్రౌజర్లు నమ్మే సంస్థలు సర్టిఫికెట్లు ఇవ్వవు గనుక, ఫలానా రూట్ సర్టిఫికెట్ దించుకుని చేర్చుకోమని కొన్ని చోట్ల సలహా ఉంటుంది. పై భాగంలో చెప్పిన తలుపును మన చేతులతోనే తెరవడమంటే ఇదే. నా సలహా మాత్రం, ఆ సైట్లకోసం బ్రౌజరులో వేరే ప్రొఫైలు పెట్టుకోవడం కాదు, వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటరు లోపల విడిగా నడిచే మరో కంప్యూటరు వంటిది, ఒకటి పెట్టుకోవడం. ఎందుకంటే విండోస్ జాబితాలో చేరిన సర్టిఫికెట్‌కు ప్రొఫైళ్ల తేడా తెలియదు.

సమస్య: డీఎన్ఎస్ మార్చినా పాత ఆపరేటరే చూస్తున్నట్లుంది

ఎక్కువసార్లు కారణం ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4తో పాటు నడిచే కొత్త తరహా చిరునామాల పద్ధతి. ఐపీవీ4 దగ్గర అంకెలు మార్చి ఐపీవీ6ను ఆటోమేటిక్‌గా వదిలితే, కొన్ని ప్రశ్నలు రౌటరుకే వెళుతుంటాయి. రెండు చోట్లా మార్చాలి. హూయామ్‌ఐ డాట్ అకామై డాట్ నెట్ (whoami.akamai.net) అన్న పేరును ఎన్ఎస్‌లుకప్‌తో అడిగితే, మన తరఫున అడిగిన సర్వరు చిరునామాయే బదులుగా వస్తుంది. గూగుల్ 8.8.8.8 పెట్టినా అదే అంకె కాక ఆ సంస్థదే వేరే అంకె రావచ్చు, అది దోషం కాదు. ఏ డీఎన్ఎస్ వాడినా మనం కలిసే సర్వరు చిరునామా ఆపరేటరుకు కనిపిస్తుంది. చాలా సైట్లకు కనెక్షను మొదట్లో సైటు పేరు కూడా మరుగు లేకుండా వెళుతుంది. డీఎన్ఎస్‌సెక్ అన్న సంతకాల పద్ధతి కూడా వచ్చిన బదులు నిజమైనదని నిరూపిస్తుందే తప్ప దేనినీ దాచదు. అలాగే ఒక్క సైటే తెరుచుకోకపోవడం ఐటీ చట్టం 69ఏ కింద ప్రభుత్వం ఆపించినదైనా కావచ్చు, దానిని నిఘాకు గుర్తుగా తీసుకోనక్కరలేదు.

సమస్య: మౌసు తనంతట తాను కదులుతోంది, కెమెరా దీపం వెలుగుతోంది

ఇక్కడ పేర్ల పరీక్షలతో కాలయాపన చేయకూడదు. తీగ పీకాలి, వైఫై ఆపాలి, తెరను ఫోనుతో ఫోటో తీయాలి. కస్టమర్ కేర్ అని చెప్పినవారి మాట మీద ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి, దూరం నుండి కంప్యూటరును నడిపించే ప్రోగ్రాములు ఎప్పుడైనా వేసుకున్నామా అన్నది మొదట గుర్తుచేసుకోవలసిన సంగతి, ఉంటే తీసివేయాలి. తీసివేయక ముందే ఆ ప్రోగ్రాము లాగ్ ఫైళ్లను పెన్‌డ్రైవులోకి ఎత్తిపెట్టాలి, ఫిర్యాదుకు అవే ఆధారం. పాస్‌వర్డులను ఈ కంప్యూటరు మీద కాక వేరే పరికరం నుండి, మెయిలుతో మొదలుపెట్టి మార్చాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. విండోస్‌ను మళ్లీ వేయడం ఇవన్నీ అయిన తరువాతి పని.