రస్ట్‌లో మాక్రోతో టైపులు పుట్టించడం, రొయ్యల లెక్క ఉదాహరణతో

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసేవాళ్లకి ఒక చిక్కుందండి. కోడ్‌లో చెరువు నంబరూ అంకే, కౌంటూ అంకే, ఒకదాని బదులు ఇంకోటి పంపేసినా కంపైలర్ (కోడ్‌ని తనిఖీ చేసి ప్రోగ్రామ్‌గా మార్చేది) నోరు మెదపదు. కౌంట్ అంటే తెలుసుగా, కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అది, 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది, రేటూ తక్కువ. 30వ నంబర్ చెరువులోది 100 కౌంట్ సరుకనుకోండి, ఆ చెరువు నంబరెళ్లి కౌంట్ ప్లేస్‌లో పడిందంటే చిన్న సరుక్కి పెద్ద రొయ్య రేటు కట్టేస్తాం.

అందుకే ఒక్కోదానికీ ఒక్కో స్ట్రక్ట్ (మనమే పేరు పెట్టుకునే సొంత టైపు) పెట్టుకోవాలి. అలాంటివి పదీ పదిహేనూ అయ్యాక అన్నిటికీ అవే డిరైవ్‌లు (ప్రింట్ చేయడం, పోల్చడం లాంటివి టైపుకి వాటంతటవే వచ్చేలా చేసే లైన్లు) కాపీ కొట్టుకుంటూ పోవడం కన్నా మాక్రో (కోడ్‌ని పుట్టించే కోడ్) రాసేసుకోవడం నయం. ముందు ఒక్క టైపు చేత్తో రాసి కంపైల్ అయ్యిందో లేదో చూస్కోండి, తర్వాత దాన్నే మాక్రోలోకి ఎక్కించండి. కింద కీవర్డులు తెలుగు లిపిలో ఇస్తున్నా, ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

మాక్రో_రూల్స్! కొలత {
    ($($పేరు:ఐడెంట్ => $లోపల:టై),* $(,)?) => {
        $(
            #[డిరైవ్(డీబగ్, క్లోన్, కాపీ, పార్షియల్‌ఈక్యూ)]
            పబ్ స్ట్రక్ట్ $పేరు(పబ్ $లోపల);
        )*
    };
}

కొలత! { చెరువు => యూ32, కౌంట్ => యూ32, కేజీ => ఎఫ్64 }

ఐడెంట్ అంటే పేరు పట్టుకుంటది, టై అంటే టైపు. యూ32 అంటే మైనస్ లేని పూర్ణాంకం, ఎఫ్64 అంటే దశాంశాలున్న సంఖ్య. డాలర్ బ్రాకెట్, చివర కామా స్టార్ ఉన్నాయి చూడండి, కామాలతో ఎన్నిచ్చినా అన్నిటికీ రిపీట్ చేసేది అదే. ఆ $(,)? మాత్రం ఆఖర్న కామా ఉన్నా లేకపోయినా ఒప్పుకోడానికి. మాక్రో రాసింది ఫైల్‌లో పైన ఉండాలి, పిలిచేది కింద, తిరగేస్తే దొరకలేదని ఎర్రర్ కొడతది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. చెరువుని హ్యాష్‌మ్యాప్‌లో (కీ ఇస్తే దాని విలువ తెచ్చే పట్టిక) కీ గా వాడాలంటే ఈక్యూ (ప్రతి విలువా తనకి తను సమానమే అనే హామీ), హ్యాష్ (వెతకడానికి విలువ నుంచి ఒక అంకె తయారుచేసేది) రెండూ కావాలి కదా, అవి పై డిరైవ్‌లో కలిపేశారో కేజీ దగ్గర కంపైల్ ఆగిపోద్ది, ఎందుకంటే ఎఫ్64 కి ఆ రెండూ లేవు (అందులో నాన్, అంటే 'అంకె కాదు' అనే విలువ తనకి తనే సమానం కాదు మరి). దీనికోసం రెండో మాక్రో అక్కర్లేదండి. ప్యాటర్న్‌లో $పేరు కి ముందు $(#[$గుర్తు:మెటా])* పెట్టండి (మెటా అంటే #[ ] లోపల రాసేది), స్ట్రక్ట్ పైన $(#[$గుర్తు])* అని దింపండి. ఇక పిలిచేటప్పుడు ఎవరికి కావాల్సింది వాళ్లకే:

#[డిరైవ్(ఈక్యూ, హ్యాష్)] చెరువు => యూ32

మూడు స్లాష్‌ల డాక్ కామెంట్లు కూడా ఇదే దారిలో వెళ్లిపోతాయి, ప్రతి టైపు మీదా ఒక లైను రాసిపెట్టండి, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్లకి స్ట్రక్ట్ ఎక్కడా నేరుగా కనపడదు. మాక్రో ఏం పుట్టించిందో చూడాలంటే కార్గో ఎక్స్‌పాండ్ అనే టూల్ ఇన్‌స్టాల్ చేసుకుని రన్ చేయండి, మొత్తం విప్పి చూపిస్తది.

రెండు మూడు టైపులకైతే ఇదంతా వద్దు, చేత్తోనే రాసేయండి.