ఉగాది తోరణం సాయంత్రం దాకా పచ్చగా ఉండాలంటే

మామిడాకులు కోసేటప్పుడు లేత ఎర్రాకులు వద్దండి, చూడ్డానికి నిగనిగలాడతాయి గానీ ఎండ తగిలితే మధ్యాహ్నానికే ముడుచుకుపోతాయి. ముదురాకులు తెచ్చి తొడిమలతో సహా బకెట్ నీళ్ళలో ఓ గంట ముంచి తుడిచి కట్టండి. నేనైతే స్టాప్లర్ జోలికి పోను, ఈనెపుల్ల చిన్న ముక్కలుగా విరిచి, తొడిమ వైపు ఆకుని పురికొస మీదుగా వెనక్కి మడిచి రెండు పొరల్లోంచి టాకా వేసినట్టు గుచ్చేస్తా, గాలికి కూడా ఊడదు (కొత్త చీపురు పుల్లేనండోయ్, ఊడ్చింది కాదు). మూడడుగుల గుమ్మానికి ఓ పదిహేను ఆకులు, మధ్యమధ్యలో బంతిపూలు. అద్దింట్లో మేకు కొట్టనివ్వకపోతే అంటించే హుక్కులు చాలు, కాకపోతే ముందురోజు రాత్రే అంటించండి, వెంటనే బరువు వేలాడదీస్తే ఊడొచ్చేస్తాయి.