ఇంటికి, మొక్కలకు ఎండ లెక్క వేసుకోవడం ఎలా?

ఫ్లాటు కొనేవారు ముందుగా అడిగేది అది ఈస్ట్ ఫేసింగా, కాదా అన్నది. బిల్డరు చెప్పే ఆ దిక్కు ప్రధాన ద్వారానిది. చాలా అపార్టుమెంట్లలో ఆ ద్వారం కారిడార్‌లోకి తెరుచుకుంటుంది కాబట్టి దాని గుండా ఒక్క కిరణమైనా లోపలికి రాదు. అదే ఫ్లాటు బాల్కనీ, పడకగది కిటికీ పడమటి వైపు ఉంటే, తూర్పు ముఖమని మురిసి కొన్న ఇల్లే వేసవి రాత్రి పది గంటలకు కూడా సెగలు కక్కుతుంది. వాస్తు పట్టింపు ఎవరి ఇష్టం వారిది. ఎండ విషయంలో మాత్రం ఏ గోడ మీద, ఏ కిటికీలో, ఏ కుండీ మీద ఏ నెలలో ఎన్ని గంటలు ఎండ పడుతుందన్నదే అసలు లెక్క. దాన్ని ఎవరికి వారే వేసుకోవచ్చు. కింద చెప్పిన కోణాలు, కొలతలు హైదరాబాదుకు, అంటే 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి వేసినవి. విజయవాడ, వరంగల్లు, విశాఖపట్నం ఒక డిగ్రీ తేడాలోనే ఉన్నాయి కాబట్టి అక్కడివారికీ ఇవే పనికొస్తాయి.

ముందుగా పొద్దు నడిచే దారి

సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. డిసెంబరు 21 నాటికి ఆ చోటు తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా జరుగుతుంది, జూన్ 21 నాటికి అంతే మేర ఉత్తరంగా జరుగుతుంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో నడినెత్తికి వస్తాడు కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్నం నిటారు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య పన్నెండు వారాల పాటు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడన్నది చాలామంది గమనించని సంగతి. ఉత్తరపు గోడకు ఎండ తగలదని, దక్షిణపు కిటికీ మొక్కలకు అన్నిటికన్నా మంచిదని రాసే పుస్తకాలు చలి దేశాలవి. మన దగ్గర జూన్‌లో ఉత్తరపు గోడకు రోజంతా ఏటవాలు ఎండ తగులుతుంది, దక్షిణపు గోడ నీడలో ఉంటుంది.

మొదటి పని: దిక్కులు తేల్చుకోవడం

ఫోనులోని దిక్సూచి స్లాబులోని ఇనుప చువ్వల దగ్గర, గ్రిల్లు దగ్గర తప్పు చూపవచ్చు. అంతకన్నా నమ్మదగినది నీడ. డాబా మీద సమతలంగా ఉన్న చోట మూడడుగుల కర్రను నిటారుగా నిలిపి, ఉదయం పది గంటల ప్రాంతంలో నీడ కొనను సుద్దతో గుర్తు పెట్టి, కర్ర మొదలు కేంద్రంగా ఆ నీడ పొడవుతో ఒక వృత్తం గీయండి. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ పెరిగి ఆ వృత్తాన్ని తాకిన చోట రెండో గుర్తు పెట్టి, రెండింటినీ గీతతో కలిపితే అది తూర్పు పడమరల రేఖ. ఉదయం పెట్టిన గుర్తు పడమటిది. శంకుస్థాపన అనే మాటలోని శంకువు, పూర్వం ఇలా దిక్కులు తేల్చడానికి నిలిపిన మేకే.

ఒక జాగ్రత్త: సూర్యుడి మధ్యాహ్నం, గడియారం మధ్యాహ్నం ఒకటి కావు. మన గడియారపు కాలం కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి ఇక్కడ పొద్దు నడిమింటికి వచ్చేది, నెలను బట్టి, పన్నెండు గంటల నుంచి పన్నెండున్నర మధ్య.

రెండో పని: ఎండ పటం గీయడం

ఇంటి నమూనాను కాగితం మీద గీసి, మబ్బు లేని రోజున ఉదయం 8, 10, మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4 గంటలకు ఎండ పడుతున్న చోట్లను వేర్వేరు రంగులతో గుర్తించండి. ఇది మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేయాలి. ఒక్కసారే చేసి అదే ఏడాది పొడవునా ఉంటుందనుకోవడం వల్లే చలికాలంలో పెరటి కూరగాయలు గిడసబారతాయి. డిసెంబరు దాకా ఆగలేనివారికి ఒక లెక్క ఉంది: డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం 10 అడుగుల గోడ నీడ ఉత్తరం వైపు 8.6 అడుగులు పడుతుంది. మీ స్థలానికి దక్షిణాన 30 అడుగుల ఇల్లు ఉంటే దాని గోడ నుంచి 26 అడుగుల మేర నేలకు ఆ రోజుల్లో మధ్యాహ్నపు ఎండ దక్కదు, ఉదయం, సాయంత్రం నీడ ఇంకా పొడుగు. అక్కడ టమాటా నాటడం వృథా శ్రమ.

మూడో పని: ఇంటికి నీడ

దక్షిణపు కిటికీకి రెండడుగుల చజ్జా, అంటే కిటికీ పైన గోడ నుంచి ముందుకు వచ్చే పలక, చాలు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా ఆ చజ్జా నాలుగడుగుల కిటికీని మధ్యాహ్నం పూర్తిగా కప్పుతుంది, డిసెంబరులో పై రెండడుగులకు కాస్త ఎక్కువ మాత్రమే కప్పి కింది భాగం నుంచి వెచ్చని ఎండను గదిలోకి రానిస్తుంది. ఖర్చు లేకుండా ఇంత చక్కగా పనిచేసే ఏర్పాటు ఇంటికి మరొకటి లేదు.

పడమర అలా లొంగదు. మే నెల సాయంత్రం 5 గంటలకు సూర్యుడు 22 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి రెండడుగుల చజ్జా కింద పది అంగుళాల నీడ కూడా సరిగా పడదు. తూర్పు గోడకూ అంతే ఎండ తగిలినా, ఉదయం గాలి, గోడ రెండూ చల్లగా ఉంటాయి. మధ్యాహ్నానికి గాలి కాగి ఉంటుంది, పడమటి గోడ ఆ పైన ఎండను కూడా పీల్చి, దాచుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. అందువల్ల పడమట కావలసింది పైకప్పు లాంటి నీడ కాదు, నిలువు నీడ: వెదురు తడికలు, తడిపిన వట్టివేళ్ల తడికలు, స్థలముంటే వేప, కానుగ చెట్లు. బాల్కనీ గ్రిల్లుకు కాకర, బీర తీగలు పాకించదలిస్తే జనవరి, ఫిబ్రవరిలోనే గింజలు పెట్టాలి, ఎండలు ముదిరాక పెట్టిన తీగ నీడనిచ్చేలోపు వేసవి గడిచిపోతుంది. తెరను అద్దానికి లోపల వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేస్తుంది, బయట వేయడమే మేలు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు సుమారు 85 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి భారమంతా గోడల మీద కన్నా డాబా మీద పడుతుంది. మార్చిలోనే డాబాకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే.

నాలుగో పని: మొక్కకు చోటు

మన కన్ను వెలుగుకు సర్దుకుపోతుంది కాబట్టి దాన్ని నమ్మకూడదు. నడి ఎండ వెలుగు సుమారు 1,00,000 లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం), ట్యూబ్‌లైటు వెలిగే గదిలో కొన్ని వందలే. కాయలు, పూలు కావాలంటే, అంటే టమాటా, వంగ, మిరప, బెండ, గులాబీ, మందారం, మల్లె అయితే, ఆరు గంటలు నేరుగా తగిలే ఎండ కావాలి. పాలకూర, మెంతికూర, కొత్తిమీరలకు మూడు నాలుగు గంటలు చాలు, పైగా వేసవిలో కొత్తిమీరకు నీడే మంచిది. పుదీనా, కనకాంబరం, తమలపాకు తీగ సగం నీడలో సుఖంగా ఉంటాయి. తులసికి, కరివేపాకుకు తూర్పు బాల్కనీ అనువైన చోటు, ఉదయపు ఎండ నాలుగైదు గంటలు దక్కి, ఆకు మాడకుండా ఉంటుంది. పడమటి బాల్కనీకి కాగితం పూలు, కలబంద, ఎడారి గులాబీ లాంటి మొండి మొక్కలే తగినవి. గన్నేరు కూడా తట్టుకుంటుంది గాని అది విషపు మొక్క, పసిపిల్లలున్న ఇంట వద్దు. మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు గదిలో బతుకుతాయి. అయితే కిటికీకి రెండడుగుల దూరంలో ఉన్నదానికి, గది మూలన ఉన్నదానికి పెరుగుదలలో చాలా తేడా వస్తుంది.

కడియం నర్సరీల నుంచి వచ్చే అలంకరణ మొక్కలు చాలావరకు షేడ్ నెట్ కింద పెరిగినవి. తెచ్చిన రోజే వాటిని డాబా ఎండలో పెడితే ఆకుల మీద తెల్లని మచ్చలు పడి మాడిపోతాయి, అలా మాడిన ఆకు మళ్లీ కోలుకోదు. మొదటి వారం ఉదయపు ఎండ గంటో రెండు గంటలో, రెండో వారం మూడు నాలుగు గంటలు చూపి, ఆ తర్వాతే శాశ్వతమైన చోట పెట్టండి. ఏప్రిల్ నుంచి తొలకరి దాకా డాబా మీది కూరగాయలకు సగం ఎండను ఆపే నెట్ కట్టి, మొక్కలున్న నల్లని ప్లాస్టిక్ సంచులను ఒకదానికొకటి ఆనించి పెట్టండి. విడిగా ఉన్న సంచి నాలుగు వైపులా కాగి వేళ్లు ఉడికిపోతాయి.

కాడలు సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, మొక్క ఒకే వైపు వంగితే వెలుగు చాలడం లేదని అర్థం. అలాంటప్పుడు ఎరువు వేయడం కాదు, కుండీని జరపడం చేయాలి.

చామంతి విషయంలో మాత్రం పగటి ఎండ సరిపడా ఉన్నా చాలదు. రాత్రి పొడవు పెరిగినప్పుడే అది మొగ్గ తొడుగుతుంది, అందుకే మేడ మీద రాత్రంతా వెలిగే బల్బు పక్కనున్న కుండీ ఆకులు వేస్తూనే ఉండిపోతుంది. అక్టోబరు వచ్చేసరికి ఆ బల్బును పొద్దుగూకగానే ఆర్పేయాలి, వీధి దీపమైతే కుండీని దాని వెలుగు పడని పిట్టగోడ మూలకు మార్చాలి.