మోల్డు చేయించే ముందు, వానలు పడే ముందు: కాయిల్ బాబిన్ల విషయంలో జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాలు చెన్నైని పలకరించేలోగా కొత్త బాబిన్లకు (కాయిల్ తీగ చుట్టే, పిన్నులున్న ప్లాస్టిక్ చట్రాలకు) మోల్డు, అంటే వాటిని పోతపోసే స్టీలు అచ్చు, చేయించి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే వానల్లో కూడా వైండింగ్ (తీగ చుట్టే) పని ఆగకుండా చూసుకోవాలని తొందరపడడం సహజం. అంబత్తూరు, గిండీ ఎస్టేట్లలో రిలే కాయిళ్లు, సోలనాయిడ్లు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే షాపులు నడుపుతున్న నెల్లూరు, చిత్తూరు వైపు మనవాళ్లందరికీ ముందుగా చెప్పదలచినది ఒక్కటే. తీగ మొదటి కొస ఏ పిన్నుకు కట్టాలో, అక్కడి నుంచి ఏ దారిన లోపలికి వెళ్లాలో, చివరి కొస ఎలా బయటికి రావాలో, సోల్డరింగ్ ఎలా జరగాలో డ్రాయింగుపై గీయకుండా మోల్డు ఆర్డరు ఇవ్వవద్దు. కాయిల్ చెడిపోయిందని తిరిగి వచ్చినప్పుడు విప్పి చూస్తే, లోపం చుట్ల మధ్యలో కంటే కొసల దగ్గరే ఎక్కువగా కనబడుతుంది.

చుట్లు పట్టే చోటును లెక్కించేటప్పుడు రాగి వ్యాసాన్ని కాక ఎనామిల్‌తో (తీగ మీది సన్నని ఇన్సులేషన్ పూతతో) కలిసిన గరిష్ఠ వ్యాసాన్ని తీసుకోవాలి. 0.2 మిల్లీమీటర్ల తీగకు గ్రేడ్ 1 పూతతో ఆ వ్యాసం 0.226, ఇంకా మందమైన గ్రేడ్ 2 పూతతో 0.239 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న బాబిన్‌లో రాగిని మాత్రమే లెక్కిస్తే పొరకు 100 చుట్లు పడతాయనిపిస్తుంది గానీ, గ్రేడ్ 2 తీగతో పొరకు 83 చుట్లకు మించి పట్టవు. అంటే 1,000 చుట్లకు 10 పొరలు చాలుననుకున్నచోట 13 పొరలు కావాలి, ఎత్తు 2 మిల్లీమీటర్లకు బదులు 3 దాటుతుంది. పొరల మధ్య టేపుకూ, చతురస్రపు బాబిన్ అయితే పక్కలు ఉబ్బడానికీ ఇంకా చోటు వదలాలి.

చుట్టేటప్పుడు తీగను లాగే బిగువు, అంటే టెన్షన్, సంగతిని చాలామంది తేలికగా తీసుకుంటారు. ఒక్కొక్క చుట్టు లాగే బలం తక్కువే అయినా వందల చుట్లు కలిసి లోపలి గొట్టాన్ని నొక్కుతాయి, ఫ్లాంజ్‌లను (బాబిన్ రెండు చివర్ల పలకలను) బయటికి తోస్తాయి. ఫ్లాంజ్ కొద్దిగా విచ్చుకున్నా పై పొరలోని చుట్టు ఆ సందులోకి జారి కింది పొరల పక్కన చేరుతుంది, అప్పుడు ఎక్కువ వోల్టేజి తేడా ఉన్న రెండు చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. అందుచేత ఫ్లాంజ్ గొట్టానికి అతికే మొదళ్లను కొంచెం మందంగా ఉంచి, వైండింగ్ చేసేటప్పుడు రెండు వైపులా ఆసరా ఇచ్చే ఫిక్స్చర్ (బిగింపు పరికరం) వాడాలి. గొట్టం కుంచించుకుపోతే లోపల పెట్టే అయస్కాంత పదార్థపు ముక్క, ఫెరైట్ కోరు, దూరదు కాబట్టి, ఆ రంధ్రాన్ని మొదటి మోల్డులో కాస్త వదులుగానే పెట్టించండి. తర్వాత బిగువు కావాలంటే మోల్డులో ఆ రంధ్రాన్ని ఏర్పరచే స్టీలును కోసి సరిచేయవచ్చు, కోసిన స్టీలును తిరిగి చేర్చడం మాత్రం ఖర్చుతో కూడిన పని. మోల్డు రెండు సగాలు కలిసే గీత చుట్లు కూర్చునే ముఖం మీద పడకూడదు, ఎందుకంటే అక్కడ మిగిలే సన్నని అంచు ఎనామిల్‌ను బ్లేడులా గీస్తుంది.

తీగ మొదటి కొస అడుగు నుంచి పైకి వస్తూ అన్ని పొరల పక్కగా సాగుతుంది గనుక, చివరి పొర దగ్గర దాదాపు మొత్తం వోల్టేజి దాని మీద పడుతుంది. ఫ్లాంజ్‌లో దానికొక గాడి చేయించి, గాడిని టేపుతో గానీ స్లీవ్‌తో గానీ మూయాలి.

ఇక పిన్నుల దగ్గర అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అవసరం. పాలీయురెథేన్ పూత ఉన్న తీగను గీకకుండానే సోల్డర్ పాట్‌లో (కరిగిన సోల్డర్ ఉన్న పాత్రలో) ముంచవచ్చు, కానీ పూత కాలి పోవడానికి పాట్ 375 నుంచి 390 డిగ్రీల దాకా ఉండాలి. బాబిన్లకు వాడే ప్లాస్టిక్‌లైన పీబీటీ 225 డిగ్రీల దగ్గర, నైలాన్ 66 సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పిన్ను ద్వారా వేడి అది ప్లాస్టిక్‌లో నాటుకున్న మొదలుదాకా దిగి, ఒక్క క్షణం ఎక్కువ ముంచినా పిన్ను వంగిపోతుంది. అందుకే చుట్టు పడే భాగం ప్లాస్టిక్‌కు కొంత ఎడంగా ఉండేలా పిన్ను పొడవు పెంచాలి, లేదా పీపీఎస్ వంటి, ఎక్కువ వేడిని తట్టుకునే ప్లాస్టిక్ ఎంచుకోవాలి. 0.05 మిల్లీమీటర్ల వంటి సన్నని తీగ సోల్డర్‌లోని వేడి టిన్‌లో (తగరంలో) కరిగి సన్నబడుతుంది కనుక ముంచే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో నిర్ణయించి గోడ మీద రాసిపెట్టాలి. పాలీఅమైడ్-ఇమైడ్ పూత ఉన్న తీగకైతే ఈ పద్ధతి పనికిరాదు, పూతను ముందే తొలగించాలి.

పిన్నుల మధ్య దూరం నిర్ణయించేటప్పుడు వైండింగ్ యంత్రంలో తీగను అందించే నాజిల్ బయటి వ్యాసాన్ని తప్పక అడిగి తెలుసుకోండి, నాజిల్ పిన్ను చుట్టూ తిరగలేకపోతే ప్రతి కొసనూ చేత్తో కట్టాల్సి వస్తుంది. చుట్ల నుంచి పిన్ను దాకా తీగ బిగుతుగా లాగినట్టు ఉండకూడదు. వేడి, చల్లదనాల మార్పుకు రాగీ ప్లాస్టిక్కూ వేర్వేరుగా వ్యాకోచించి ఆ చిన్న ముక్కే తెగుతుంది. పిన్నులను నిటారుగా ఉంచి తీగ కట్టి, సోల్డరింగ్ అయ్యాక కాయిల్ వైపు వంచితే కావలసిన వదులు దానంతటదే వస్తుంది, ఈ ఏర్పాటుకు బాబిన్ డిజైన్‌లోనే చోటు ఇవ్వాలి.

వానాకాలం ప్రభావం పదార్థం మీద నేరుగా పడుతుంది. నైలాన్ 66 మామూలు గాలి తేమలోనే దాదాపు 2.5 శాతం నీటిని పీల్చి కొలతలు మారుతుంది, తడి బాబిన్‌ను సోల్డర్ పాట్‌కు చూపితే లోపలి నీరు ఆవిరై బొబ్బలు లేస్తాయి. పీబీటీ తేమను చాలా తక్కువగా పీల్చినా, గుళికలను 120 డిగ్రీల వద్ద మూడు నాలుగు గంటలు ఆరబెట్టకుండా మోల్డు చేస్తే పెళుసుబారి పిన్ను దూర్చేటప్పుడు పగులుతుంది. ఈ ఆరబెట్టడం జరిగిందో లేదో వానాకాలంలో మోల్డరును ప్రతి బ్యాచ్‌కూ అడగడం అనుమానం కాదు, మన బాధ్యత. వచ్చిన బాబిన్లను మూతి బిగించిన సంచుల్లో నిల్వ చేయాలి, చుట్టిన కాయిళ్లను వార్నిష్‌కు ముందు ఓవెన్‌లో ఆరబెట్టాలి. డీసీ కాయిళ్లలో తేమా, ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి వాడే రసాయనం) మిగులూ కలిస్తే ధన ధ్రువం వైపున్న రాగి తినేసినట్టు అరిగిపోతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల 48 వోల్టుల సరఫరాలో ధన ధ్రువాన్ని భూమికి కలపడానికి ఈ అరుగుదలను తగ్గించడం ఒక కారణం. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఫ్లక్స్‌ను శుభ్రంగా కడగకుండా వదలకూడదు.

మెయిన్స్‌కు (ఇంటి కరెంటు సరఫరాకు) కలిపే ట్రాన్స్‌ఫార్మరైతే ప్రైమరీ, సెకండరీ చుట్ల మధ్య ఉపరితలం వెంట ఉండవలసిన దూరాన్ని అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐఈసీ 62368-1 పట్టికలో చూసి పెట్టాలి. 250 వోల్టులకు, మామూలు ప్లాస్టిక్‌కు, కాలుష్య స్థాయి 2లో (మామూలు ఇళ్లు, ఆఫీసుల వాతావరణంలో) బేసిక్ (ఒక వరుస) ఇన్సులేషన్‌కు 2.5, రీఇన్‌ఫోర్స్‌డ్ (రెండు వరుసలకు సమానమైన) ఇన్సులేషన్‌కు 5 మిల్లీమీటర్లు కావాలి.

మోల్డు నుంచి వచ్చిన మొదటి బాబిన్లతో పూర్తి టెన్షన్‌లో కాయిళ్లు చుట్టి, కోరు దూర్చి, పిన్నులు ముంచి, ఒకదాన్ని అడ్డంగా కోసి ఫ్లాంజ్ పక్కన తీగ జారిందేమో భూతద్దంతో చూసిన తర్వాతే మోల్డరుకు మిగిలిన సొమ్ము చెల్లించండి.