మన పాటలు, మన ప్లేయర్ – 3వ పాఠం: ప్లేయర్ మార్చేముందు ట్యాగులు చూడండి

కిందటి పాఠంలో పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చి, ఇంకో డిస్క్‌లో కాపీ పెట్టుకున్నాం. ఆ కాపీ ఇంకా తీయనివారు ముందు ఆ పని చేసి రండి. ఈసారి ఫైళ్లలోనే మార్పులు చేయబోతున్నాం.

విశాఖలో నా దగ్గరికి హార్డ్ డిస్క్ పట్టుకొచ్చేవాళ్లు చాలామంది ప్లేయర్‌నే తిడతారు. గాజువాక నుంచి వచ్చిన స్టీల్ ప్లాంట్ రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన కూడా "బాబూ, ఇది పనికిరాదు, మంచిది ఇంకోటి వేసిపెట్టు" అన్నారు. ఆయన బాధల్లా ఒకే సినిమా పాటలు నాలుగైదు ఆల్బమ్‌లుగా చీలిపోయి కనబడటం. అప్పటికే రెండు మూడు ప్లేయర్లు మార్చినా అదే వరస.

లైబ్రరీ చూపించే ప్లేయర్లు చాలావరకు ఫోల్డర్ పేరును పట్టించుకోవు. ఫైల్ లోపల రాసి ఉన్న ట్యాగులు, అంటే పాట పేరు, గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాలు, చదివి పాటలను సర్దుతాయి. ఆల్బమ్ మొత్తం ఒకే గాయకుడు పాడితే చిక్కు లేదు. మన సినిమాల్లో అలా కాదు: ఒక పాట ఘంటసాల, ఇంకోటి మన పక్క విజయనగరంలో పుట్టిన పి. సుశీల, మూడోది ఇద్దరూ కలిసి. 'ఆర్టిస్ట్' గడిలో పేరు మారగానే కొన్ని ప్లేయర్లు దాన్ని వేరే ఆల్బమ్ అనుకుంటాయి.

దీనికి మందు 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే మరో గడి. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో ఉచితం. సినిమా ఫోల్డర్ అందులో తెరిచి, కంట్రోల్-ఎ నొక్కి పాటలన్నీ ఎంచుకుని, ఆ గడిలో ఒకే పేరు రాసి సేవ్ చేయండి. నేనైతే సంగీత దర్శకుడి పేరు రాస్తాను. అప్పుడు ఆయన చేసిన సినిమాలన్నీ ఒకచోట దొరుకుతాయి. 'వివిధ గాయకులు' అని రాస్తే ఆల్బమ్ అతుక్కుంటుంది గానీ, వందల సినిమాలు ఒకే పేరు కింద కుప్ప పడతాయి. పేరు ఎప్పుడూ ఒకేలా రాయండి. 'పి. సుశీల', 'పి.సుశీల', 'సుశీల' అంటే ప్లేయర్‌కు ముగ్గురు మనుషులు.

ఇక తెలుగు అక్షరాలు. పాట పేరు డబ్బాలుగా కనబడితే భయం లేదు, ఆ ప్లేయర్ వాడే ఫాంట్‌లో తెలుగు లేదంతే. ఫాంట్ మార్చి చూడండి. ప్రశ్నార్థకాలు వరసగా కనబడుతూ, వేరే ప్లేయర్‌లోనూ అలాగే ఉంటే మాత్రం అక్షరాలు పోయినట్టే, మళ్లీ టైప్ చేయాలి. ఎంపీ3 ఫైళ్లలో ట్యాగులు రాసే పద్ధతి పేరు ఐడీ3. దాని మొదటి వెర్షన్‌లో పాట పేరుకు దక్కేది 30 బైట్లే. అక్షరాలను కంప్యూటర్‌లో భద్రపరిచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతపు గుర్తుకు ఇంకో 3. పేరు సగంలోనే తెగిపోతుంది. అందుకే ఎంపీ3ట్యాగ్ ఆప్షన్లలో 'ఐడీ3వీ2.3 యూటీఎఫ్-16' ఎంచుకోండి.

పాట మధ్యలో ఆగి ఆగి వస్తుంటే అదే ఫైల్‌ను వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పెట్టి వినండి. అక్కడా ఆగితే, కంప్యూటర్‌లోకి కాపీ చేసి మళ్లీ వినండి. ఇప్పుడు సాఫీగా వస్తే అనుమానించాల్సింది డిస్క్‌నో కేబుల్‌నో. ఒక ప్లేయర్ నడుస్తుండగా మిగతా వాటిలో శబ్దం రాకపోతే, ఆ నడుస్తున్న ప్లేయర్ సెట్టింగుల్లో, శబ్దాన్ని తనొక్కదానికే పట్టి ఉంచే 'ఎక్స్‌క్లూజివ్' మోడ్ తీసేయండి.

ఇన్ని చూశాక కూడా ప్లేయర్ మార్చాలనిపిస్తే మార్చండి. విండోస్‌లో పెద్ద కలెక్షన్‌కు నా ఓటు మ్యూజిక్‌బీకి. కంప్యూటర్ పాతదైతే 2002లో వచ్చిన ఫూబార్2000 తేలిగ్గా నడుస్తుంది. లైనక్స్ వాడేవారికి స్ట్రాబెర్రీ ఉంది. వీఎల్‌సీ దాదాపు ఏ ఫైలైనా వాయిస్తుంది, కానీ వేల పాటలు సర్దుకోవడానికి అది సరిపోదు. ఏది ఎంచుకున్నా ప్లేలిస్టులను ఎం3యూ8గా (యూటీఎఫ్-8లో రాసిన ప్లేలిస్ట్ ఫైల్‌గా) బయటికి తీసే వీలుందో లేదో ముందే చూడండి. ఉత్త ఎం3యూలో తెలుగు ఫైల్ పేర్లు చెడిపోయే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి కూర్చుకున్న వరస ఒక సాఫ్ట్‌వేర్‌తో పాటే పోకూడదు.

ఈ వారం ఒక్క సినిమా తీసుకుని దాని ట్యాగులు సరిచేయండి. రెండు ప్లేయర్లలో తెరిచి, రెండింటిలోనూ ఒకే ఆల్బమ్‌గా కనబడితేనే రెండో సినిమాకు వెళ్లండి. పాటపాటకీ వాల్యూమ్ పెంచి తగ్గించుకునే ఇబ్బందిని వచ్చే పాఠంలో రీప్లేగెయిన్‌తో తీరుద్దాం.