వైజాగ్ నుంచి విదేశానికా? పెట్టె మీద ట్యాగ్ చదవండి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు మన వైజాగ్‌లో ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది. కౌంటర్‌లో సూట్‌కేసు హ్యాండిల్‌కి ఒక పొడవాటి కాగితం చుడతారు కదా, అక్కడే నిలబడి దాని మీద పెద్దగా ఉన్న మూడక్షరాలు చదవండి. డాలస్ వెళ్తున్న మా పిన్ని పెట్టె మీద హెచ్‌వైడీ అని ఉంది, అంటే హైదరాబాద్ వరకే, అక్కడ బెల్టు మీద నుంచి తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. టికెట్లు రెండూ విడివిడిగా కొన్నాం, అందుకే అలా. ఆవిడ పెట్టె వదిలేసి చేతిసంచీతో నడిచి వెళ్ళిపోతుంటే ఫోన్లో చెప్పి వెనక్కి పంపాను, ఆ పది నిమిషాల టెన్షన్ ఎవరికీ వద్దు.

ఒకే టికెట్ అయినా, అమెరికాలో దిగాక ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, సాధారణంగా మొదట దిగిన ఊళ్ళోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాక మళ్ళీ అప్పగించాలి.

దుబాయ్ మీదుగా వెళ్తుంటే, అక్కడ దిగగానే ముందు బోర్డు మీద తర్వాతి విమానం గేటు చూడండి, టీ తర్వాత. మూడో టెర్మినల్‌లో ‘బీ’ గేట్ల నుంచి ‘ఏ’ అక్షరం గేట్లకి లోపలే రైలెక్కి వెళ్ళాలి, గేట్లు చాలా దూరం కూడా.

ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలో, పవర్ బ్యాంక్ చేతిసంచీలో. గసగసాలు మాత్రం అసలు పెట్టకండి, మసాలాపొడిలో కలిపినవైనా సరే, దుబాయ్‌లో అవి నిషేధం, కేసవుతుంది.