థండర్‌బర్డ్ అప్‌గ్రేడ్ తర్వాత మెయిల్ లేదు, యాడ్-ఆన్ లేదు, కీ పనిచేయదు: సమస్య - పరిష్కారం

"అప్‌గ్రేడ్ చేశాక మెయిల్స్ అన్నీ పోయాయండీ" అని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే. ఇప్పుడు తెరుచుకున్నది ఏ ప్రొఫైల్ (థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ మీ మెయిల్, అకౌంట్లు, సెట్టింగ్స్ దాచుకునే ఫోల్డర్)? దానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "అది చూడలేదండీ" అనే. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారు, కంప్యూటర్ నాలుగుసార్లు రీస్టార్ట్ చేసి ఉంటారు, అకౌంట్లు మళ్లీ పెట్టేసుకుని కూడా ఉంటారు. అర నిమిషంలో అయ్యే ఆ పని మాత్రం చేసి ఉండరు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇన్‌బాక్స్ ఖాళీ, కొత్త అకౌంట్ పెట్టుకోమంటోంది

హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. అందులో ప్రొఫైల్ ఫోల్డర్ అనే వరుస ఉంటుంది, పక్కనే ఆ ఫోల్డర్‌ను తెరిచే బటన్ ఉంటుంది. నొక్కి, ఫోల్డర్ పేరు, సైజు చూడండి. ఏళ్ల తరబడి మెయిల్ పోగైన ఫోల్డర్ గిగాబైట్లలో ఉంటుంది. మీకు కనిపించేది కొన్ని మెగాబైట్లే అయితే అది ఇందాక పుట్టిన ప్రొఫైల్. ఒక మెట్టు పైకి వెళ్లి చూడండి. ఆ ఫోల్డర్ పక్కనే మీ పాతది కూడా కనిపించే అవకాశం ఎక్కువ.

2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్ ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్ కేటాయిస్తోంది. ప్రోగ్రామ్ వేరే ఫోల్డర్‌లోకి చేరితే దాని లెక్కలో అది వేరే ఇన్‌స్టలేషనే. 32 బిట్ తీసేసి 64 బిట్ వేసినా, డెస్క్‌టాప్ మీద విప్పి నడుపుతున్న కాపీని సరిగ్గా ఇన్‌స్టాల్ చేసినా ఇలా జరగొచ్చు. లినక్స్ వాళ్లకు ఇంకో మెలిక ఉంది. మామూలు ప్యాకేజీ హోమ్ డైరెక్టరీలోని డాట్ థండర్‌బర్డ్ అనే దాచిన ఫోల్డర్‌లో చూస్తుంది. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే, ప్రోగ్రామ్‌ను విడిగా మూటకట్టి ఇచ్చే ప్యాకేజీలు దేని ఫోల్డర్‌లో అవి చూసుకుంటాయి. ఉబుంటు 24.04లో థండర్‌బర్డ్ స్నాప్‌గానే వస్తుంది, అందుకే అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు చాలామంది కంగారు పడ్డారు.

పాత ప్రొఫైల్ అదే చోట ఉంటే, ట్రబుల్‌షూటింగ్ పేజీ నుంచే ప్రొఫైల్స్ పేజీకి వెళ్లి దాన్ని డీఫాల్ట్ చేసి రీస్టార్ట్ చేయండి. అంతే. స్నాప్ లాంటి తేడా ఉంటే థండర్‌బర్డ్ మూసి, పాత ప్రొఫైల్ ఫోల్డర్‌ను మొత్తంగా కొత్త చోటికి కాపీ చేసి, ఆ తర్వాత డీఫాల్ట్ చేయండి. ఈలోగా ఖాళీ ప్రొఫైల్‌లో మాత్రం అకౌంట్లు పెట్టకండి. పాప్ అకౌంటైతే (మెయిల్‌ను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే రకం) సర్వర్‌లో ఉన్నదంతా ఆ కొత్త ప్రొఫైల్‌లోకి దిగిపోతుంది, సెట్టింగ్‌ను బట్టి సర్వర్ నుంచి చెరిగిపోతుంది కూడా. అప్పుడు సగం మెయిల్ ఇక్కడ, సగం అక్కడ. వాటిని కలపడం ఒక పూట పని.

"ఎందుకొచ్చిన గొడవ, పాత వెర్షనే వేసుకుంటా" అనేవాళ్లకు ఒక మాట. కొత్త వెర్షన్ ఒకసారి తాకిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవదు, కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. మీరు సరే అంటారు. ఇప్పుడు మీ దగ్గర మూడు ప్రొఫైళ్లు, అందులో రెండు ఖాళీ. ఆ అడ్డును దాటించే స్టార్టప్ ఆప్షన్ ఉంది కానీ, లోపలి డేటాబేసులు అప్పటికే కొత్త రూపంలోకి మారి ఉంటే లేనిపోని తలనొప్పి. వెనక్కి వెళ్లాలంటే సరైన దారి అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్. అది లేకపోతే ముందుకే వెళ్లండి.

యాడ్-ఆన్ కనిపించడం లేదు, లేదా బూడిద రంగులో ఉంది

దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో పాతకాలపు యాడ్-ఆన్‌లకు (థండర్‌బర్డ్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్‌లకు) తెర పడింది, అప్పటి నుంచి మెయిల్ ఎక్స్‌టెన్షన్ పద్ధతిలో రాసినవే నడుస్తాయి. రాసినాయన దాన్ని కొత్త పద్ధతిలోకి మార్చకపోతే అది ఇక రాదు. ఫోల్డర్లు అటూ ఇటూ కాపీ చేస్తే వచ్చేది ఏమీ లేదు. బూడిద రంగులో ఉండి "ఈ వెర్షన్‌కు సరిపోదు" అంటుంటే కథ వేరు. థండర్‌బర్డ్ లోపలి భాగాల్లోకి చెయ్యి పెట్టే యాడ్-ఆన్‌లు ఏ వెర్షన్ వరకు పనిచేస్తాయో ముందే రాసి పెట్టుకుంటాయి. ఆ గీత దాటితే వాటంతట అవే ఆగిపోతాయి, కొత్త విడుదల వస్తే మళ్లీ లేస్తాయి. అలాంటివి మీకు ప్రాణమైతే నెలనెలా మారే విడుదలల జోలికి పోకుండా, ఏడాదికోసారి మారే ఈఎస్ఆర్ అనే విడుదలలో ఉండండి.

క్యాలెండర్ యాడ్-ఆన్ లైట్నింగ్ కోసం వెతుకుతున్నారా? అది 78 నుంచి థండర్‌బర్డ్‌లో కలిసిపోయింది. ఎన్‌క్రిప్షన్ యాడ్-ఆన్ ఎనిగ్‌మెయిల్ కోసమా? దాని పని కూడా థండర్‌బర్డే చేస్తోంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ తెరుచుకోదు; కీ మాత్రం లిస్టులో కనిపిస్తోంది

నన్ను ముంచింది ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ అంటే తాళం వేసిన మెయిల్, దాన్ని విప్పేది మీ దగ్గర ఉండే సీక్రెట్ కీ.

ఒక పాత ల్యాప్‌టాప్ నుంచి కొత్తదానికి మారుతున్నాను. ప్రొఫైల్‌లో ఏళ్లనాటి చెత్త ఉంది కదా, అవసరమైనవే తీసుకెళ్దాం అని తెలివి చూపించాను. మెయిల్ ఫోల్డర్లు, అడ్రస్ బుక్, సెట్టింగ్స్ ఉండే ప్రెఫ్స్.జేఎస్ తీసుకున్నాను. ఎన్‌క్రిప్షన్ కోసం సెక్‌రింగ్.జీపీజీ, పబ్‌రింగ్.జీపీజీ అనే రెండు ఫైళ్లు గుర్తుపెట్టుకుని మరీ తీసుకున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లో అంతా చక్కగా తెరుచుకుంది. నాలుగు అకౌంట్లకూ పాస్‌వర్డ్ అడిగింది. కొత్త మెషీన్ కదా అనుకుని కొట్టేశాను. మూడో రోజు పాత డిస్క్ ఫార్మాట్ చేశాను. పదకొండో రోజు ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ ఒకటి వచ్చింది, తెరుచుకోలేదు. ఓపెన్‌పీజీపీ (మెయిల్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కీ మేనేజర్ తీసి చూస్తే నా కీ బోల్డ్ అక్షరాల్లో నిక్షేపంగా ఉంది. దానితో విప్పడమూ కుదరలేదు, సంతకం పెట్టడమూ కుదరలేదు.

ఆ పాస్‌వర్డ్‌లు అడగడమే అసలు లక్షణం. నేను దాన్ని గుర్తుపట్టలేదు.

ఎనిగ్‌మెయిల్ రోజుల్లో కీలు గ్నూపీజీ అనే వేరే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ దగ్గర ఉండేవి, వాటి పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) మన బుర్రలో ఉండేది. కీ రింగ్ ఫైళ్లు మోసుకెళ్తే పని అయిపోయేది. 78 తర్వాత పద్ధతి మారింది. కీలు ప్రొఫైల్‌లోనే ఉంటాయి. మీ సీక్రెట్ కీకి థండర్‌బర్డ్ తానే ఒక పొడవాటి పాస్‌ఫ్రేజ్ తయారుచేసి తాళం వేస్తుంది, అది మీకు ఎప్పుడూ చూపించదు. దాన్ని ఎన్‌క్రిప్టెడ్-ఓపెన్‌పీజీపీ-పాస్‌ఫ్రేజ్.టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో పెడుతుంది. ఆ ఫైల్‌కు కూడా తాళం ఉంది. దాని తాళంచెవి కీ4.డీబీ అనే మరో ఫైల్‌లో ఉంది. మీరు సేవ్ చేసుకున్న అకౌంట్ పాస్‌వర్డ్‌లను, అంటే లాగిన్స్.జేసన్‌ను, విప్పేది కూడా ఈ కీ4.డీబీయే. ఎస్/మైమ్ అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి వాడేవాళ్ల ప్రైవేట్ కీ ఉండేదీ ఇందులోనే.

కాబట్టి కీ4.డీబీ రాకపోతే రెండు లక్షణాలు జంటగా కనిపిస్తాయి. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు మాయమవుతాయి, ఎన్‌క్రిప్షన్ మూగబోతుంది. మొదటిది వెంటనే తెలుస్తుంది, కానీ తేలికగా తీసుకుంటాం. రెండోది ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ వచ్చేదాకా తెలియదు. ఈ మధ్యలోనే చాలామంది పాత డిస్క్‌ను తుడిచేస్తారు. ఇక కీ మేనేజర్‌లో కీ కనిపించడానికి కారణం వేరే ఉంది. కీ మీద ఉన్న పేరు, ఈమెయిల్, ఐడీ చదవడానికి పాస్‌ఫ్రేజ్ అక్కర్లేదు. లిస్టులో ఉన్నంత మాత్రాన కీ బతికి ఉన్నట్టు కాదు.

మీదీ ఇదే జబ్బు అవునో కాదో తేల్చుకోవడానికి ప్రొఫైల్ ఫోల్డర్‌లో కీ4.డీబీ మార్పు తేదీ చూడండి. మీరు కొత్త కంప్యూటర్‌కు మారిన రోజే దాని తేదీ అయితే, థండర్‌బర్డ్ పాతది దొరక్క కొత్తది పుట్టించుకుందన్నమాట. సైజు చూసి మోసపోకండి. కొత్తదైనా పాతదైనా అది సాధారణంగా 288 కిలోబైట్లే ఉంటుంది.

పాత ప్రొఫైల్ ఇంకా ఉంటే పరిష్కారం తేలిక. రెండు దారులున్నాయి. పాత కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ ఇంకా తెరుచుకుంటుంటే అక్కడి కీ మేనేజర్‌లో ఫైల్ మెనూ నుంచి సీక్రెట్ కీ బ్యాకప్ తీయండి. అప్పుడు పాస్‌వర్డ్ మీరే పెడతారు. ఆ ఫైల్‌ను కొత్తదానిలో ఇంపోర్ట్ చేసి, ఇది నా సొంత కీ అని ఒప్పుకోండి. తర్వాత అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పేజీకి వెళ్లి ఆ కీ ఎంచుకోండి. ఈ చివరి మెట్టు మర్చిపోయి "ఇంపోర్ట్ అయింది కానీ పనిచేయడం లేదు" అనేవాళ్లు బోలెడు మంది.

ఫోల్డర్ మాత్రమే మిగిలి ఉంటే రెండో దారి. థండర్‌బర్డ్ పూర్తిగా మూసేయండి. కిటికీ మూస్తే చాలదు, టాస్క్ మేనేజర్‌లో కూడా లేదని చూసుకోండి. కొత్త ప్రొఫైల్‌లో ఉన్న కీ4.డీబీ, సెర్ట్9.డీబీ, లాగిన్స్.జేసన్, సెక్‌రింగ్, పబ్‌రింగ్, ఓపెన్‌పీజీపీ.ఎస్‌క్యూలైట్, ఆ పాస్‌ఫ్రేజ్ ఫైల్, ఈ ఏడింటినీ వేరే ఫోల్డర్‌లోకి జరపండి. చెరపకండి. పాత ప్రొఫైల్ నుంచి అవే ఏడు ఫైళ్లు, అన్నీ ఒకే ప్రొఫైల్‌వి, ఒకే రోజువి తెచ్చి పెట్టండి. సెక్‌రింగ్ నిన్నటిది, కీ4 ఆర్నెల్ల కిందటి బ్యాకప్‌ది అంటే పొంతన కుదరకపోవచ్చు. పాతదానిలో ప్రైమరీ పాస్‌వర్డ్ (సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నిటికీ కలిపి వేసే తాళం) పెట్టుకుని ఉంటే ఇక్కడా అదే అడుగుతుంది.

ఆ పాస్‌వర్డ్ గుర్తు రాక "రీసెట్" నొక్కబోతున్నారా? ఆగండి. రీసెట్ అంటే కీ4.డీబీలో ఉన్నదంతా పారేయడమే. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు పై గొలుసంతా తెగిపోతుంది. ముందు ఆ ఫైల్‌ను ఎక్కడైనా కాపీ పెట్టుకోండి, పాస్‌వర్డ్ తర్వాతైనా గుర్తు రావచ్చు.

పాతది అసలే లేకపోతే? ఆ పాస్‌ఫ్రేజ్‌ను ఊహించి పట్టుకోవడం జరిగే పని కాదు. కానీ వెతకాల్సిన చోట్లు ఉన్నాయి: ఎప్పుడో కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్న ఏఎస్‌సీ ఫైల్, అదే కీ ఉన్న ఇంకో కంప్యూటర్, ఎనిగ్‌మెయిల్ వాడినవాళ్లకైతే పాత గ్నూపీజీ ఫోల్డర్. ఎనిగ్‌మెయిల్ నుంచి మారినప్పుడు థండర్‌బర్డ్ తీసుకున్నది నకలు మాత్రమే, అసలు కీ గ్నూపీజీలో అలాగే ఉండిపోతుంది. నన్ను గట్టెక్కించింది అదే. ఒక పాత బ్యాకప్ డిస్క్‌లో ఆ ఫోల్డర్ దొరికింది, అదృష్టం కొద్దీ పాస్‌ఫ్రేజ్ కూడా గుర్తొచ్చింది. పనిచేయని సెక్‌రింగ్, పబ్‌రింగ్, పాస్‌ఫ్రేజ్ ఫైళ్లను పక్కకు తీసి, గ్నూపీజీ నుంచి కీ ఎక్స్‌పోర్ట్ చేసి ఇంపోర్ట్ చేశాను. కీ గడువు అయిపోయిందని చూపించింది. ఆ గడువును నేను పొడిగించింది థండర్‌బర్డ్‌లో కదా, గ్నూపీజీకి ఆ సంగతి తెలియదు. మళ్లీ పొడిగిస్తే లేచింది. ఇవేవీ దొరకకపోతే కొత్త కీ చేసుకుని అందరికీ పంపడమే. పాత ఎన్‌క్రిప్టెడ్ మెయిల్స్ అలా మూతపడే ఉంటాయి.

కొన్ని ఫైళ్లు ఏరుకుని తీసుకెళ్లే తెలివి నాకు పోయింది. ఇప్పుడు ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం ఒక్కముక్కగా కాపీ చేస్తాను. ఎన్‌క్రిప్ట్ చేసిన పాత మెయిల్ ఒకటి కొత్త కంప్యూటర్‌లో తెరిచి చూశాకే పాతదాన్ని ముట్టుకుంటాను.

మిగతావి

కీ పనిచేస్తోంది కానీ అవతలివాళ్లకు ఎన్‌క్రిప్ట్ చేయనివ్వడం లేదంటే ఓపెన్‌పీజీపీ.ఎస్‌క్యూలైట్ రాలేదు. ఎవరి కీని మీరు నమ్మారో ఆ లెక్క అందులో ఉంటుంది. ఒక్కొక్క కీ తెరిచి మళ్లీ ఒప్పుకోండి.

చాలా ఏళ్ల నాటి కీని తిరస్కరిస్తుంటే, దాని మీద డిజిటల్ సంతకాలు షా-1 అనే పాత, బలహీనమైన పద్ధతితో ఉన్నాయేమో చూడండి. ఆ కీ యజమాని కొత్తది పంపాల్సిందే.

పాత సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదంటే టీఎల్‌ఎస్ (సర్వర్‌తో కనెక్షన్‌ను కాపాడే పద్ధతి) పాత వెర్షన్లు 1.0, 1.1 కారణం కావచ్చు. 78 నుంచి అవి మామూలుగా ఆపేసి ఉంటాయి. సర్వర్ వాళ్లను బాగుచేయమనండి, మీ వైపు తలుపు తెరిచి పెట్టకండి.

వెతికితే మెయిల్ దొరకడం లేదంటే థండర్‌బర్డ్ మూసి గ్లోబల్-మెసేజెస్-డీబీ.ఎస్‌క్యూలైట్ తీసేయండి, అదే మళ్లీ కట్టుకుంటుంది. ఒక్క ఫోల్డరే తేడాగా ఉంటే ప్రాపర్టీస్‌లో రిపేర్ నొక్కండి.

లోకల్ ఫోల్డర్లు మాత్రమే ఖాళీగా ఉంటే, వాటిని ఎప్పుడో ప్రొఫైల్ బయటికి మార్చి ఉంటారు. అకౌంట్ సెట్టింగ్స్‌లో లోకల్ డైరెక్టరీ ఇంకా పాత యూజర్ పేరుతో ఉన్న దారినే చూపిస్తుంటుంది.